ఎవ్వలు ఎగురని పాట

మా బాత్రూమ్ గోడలో ఎవరో తట్టడం మొదలుపెట్టారు. ఏ అర్ధరాత్రో అయితే భయపడే హక్కైనా ఉండేది. ఇది సరిగ్గా మిట్టమధ్యాహ్నం, వంటిల్లు సర్దుకుని నేను నడుం వాల్చే వేళకి. టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు వరసగా పడేవి. తర్వాత ఏమీ ఉండదు. ఇక అయిపోయిందిలే అని కళ్ళు మూసుకోబోతుండగా, ఒక ఊపిరంత ఆలస్యంగా, ఇంకొక టక్.

మావారు వేణుగోపాలరావుగారు గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. పగలంతా ఇంట్లో ఉండరు కాబట్టి ఆయనకి అన్నీ హాస్యంగానే ఉంటాయి. "మిట్టమధ్యాహ్నం దయ్యాలు తిరుగుతాయని మా బామ్మ అనేది. ఈ దోహా ఎండకి తాళలేక పాపం ఏసీ ఉన్న చోటు వెతుక్కుని వచ్చి ఉంటుంది. ఉండనీ మాలతీ, అద్దె అడక్కు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయనతో చెప్పుకోవడం కంటే ఆ గోడతో చెప్పుకోవడం నయమనుకుని మెయింటెనెన్స్ వాళ్ళకి ఫోన్ చేశాను. గంగాప్రసాద్ వచ్చాడు.

ఇది అతని కథ కాబట్టి అతని సంగతి కొంచెం చెప్పాలి. గంగాప్రసాద్‌ది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఖతార్‌కి మొదట పరంజీలు కట్టే పనికి వచ్చాడు. స్టేడియాలన్నీ కట్టడం అయిపోయాక ఆ కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంటే, మా మదీనత్ ఖలీఫా వైపు విల్లాలకి మరమ్మతులు చేసే చిన్న కంపెనీలో చేరాడు. రూమ్ ముఐథర్‌లో. పైపు, ఏసీ, తలుపు గొళ్ళెం, ఏది చెడినా అతనే రావాలి. సన్నగా, పొడుగ్గా, కణతల దగ్గర నెరిసిన జుట్టుతో ఉంటాడు. పని చేస్తున్నంతసేపూ వస్తువులతో మాట్లాడతాడు. కుళాయి కారుతుంటే "ఏందే, ఎందుకు ఏడుస్తున్నవ్?" అని దాన్నే అడుగుతాడు.

మొదట్లో నన్ను మేడమ్ అనేవాడు. ఒక ఉగాదికి బొబ్బట్లు పెట్టి పంపాను. అప్పటినుంచి అక్కా అని, దాంతోపాటు నువ్వు అని మొదలుపెట్టాడు. మాది తణుకు. మా వైపు పరాయివాళ్ళు అక్క అన్నా మీరు అనే అంటారు. ఆ రోజంతా లోలోపల గునిశాను. మర్నాటికి ఆ నువ్వు చెవికి బాగానే ఉన్నట్టు తోచింది.

ఎండాకాలం కాబట్టి మధ్యాహ్నం పూట బయటి పనులు బందు. ఇళ్ళలోపలి పనులే చేయిస్తారు. "పైపుల గాలి చేరితే గట్లనే కొట్టుకుంటది అక్కా. జరసేపు పని" అంటూ పానా తీసి, చెవి గోడకి ఆనించి నిలబడ్డాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. గోడ తన మామూలు వేళకి తట్టింది. టక్, టక్, టక్. నాలుగోది పడకముందే గంగాప్రసాద్ తల కిందికి ఊగింది, అది ఎప్పుడు వస్తుందో తెలిసినట్టు. టక్.

అతని చేతిలోని పానా నేల మీద పడింది. "సాయిబాబు" అన్నాడు.

వంటింట్లో స్టూలు వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు గాని తాగలేదు. మోచేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడి ఉన్నాయి. ఎవరయ్యా సాయిబాబు అని అడిగాను.

"మా చిన్నవ్వ కొడుకు. నాకు తమ్ముడు. అది పైపు కాదక్కా. అది స్టార్టింగు."

అప్పుడు చెప్పాడు. ఊళ్ళో అతనికి పెళ్ళి బ్యాండు ఉండేదట. ఎర్ర కోట్లు, జరీ టోపీలు, మెట్‌పల్లి నుంచి కోరుట్ల దాకా ఏ బరాత్ జరిగినా వాళ్ళ పార్టీయే. గంగాప్రసాద్ క్లారినెట్ వాయించేవాడు. సాయిబాబుది సైడ్ డ్రమ్ము. ఏ పాటకైనా ముందు డ్రమ్ము అంచు మీద పుల్లతో కొట్టి స్టార్టింగు ఇచ్చేది అతనే.

"వాని తీరే వేరు. మూడు కొట్టి ఆగెటోడు. మేమందరం ఊపిరి బిగవట్టి వాని మొఖం దిక్కే చూసెటోళ్ళం. గప్పుడు నవ్వి నాలుగోది కొట్టెటోడు. గా నాలుగోదాని మీద నేను పాట ఎత్తుకోవాలె. వాడు ఆగినంతసేపు పెండ్లోళ్ళు గుడ కాలు లేపి ఆగెటోళ్ళు అక్కా."

తర్వాత డీజేలు వచ్చాయి. బ్యాండుని అడిగేవాడు లేక పార్టీ చెదిరిపోయింది. అన్నదమ్ములిద్దరూ వీసాలు తీసుకుని ఖతార్ వచ్చారు. రెండేళ్ళ కిందట ఒకరోజు సాయిబాబు డ్యూటీ దిగి వచ్చి, రూమ్‌లో పడుకుని, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందని కాగితంలో రాశారు. నిండా ముప్ఫై అయిదు లేవు. శవాన్ని పెట్టెలో పంపారు. గంగాప్రసాద్‌కి లీవు దొరకలేదు.

"మేళం లేకుండ పోయిండక్కా. ఊరందరి పెండ్లిళ్ళకు స్టార్టింగు ఇచ్చినోడు, వానికి ఇచ్చెటోడు లేకపాయె. మేళం ఉంటే సగం తొవ్వల ఆగుతది గదా, దింపుడు గల్లం కాడ. మేళమే లేనప్పుడు ఇగ ఆగుడేంది? పెట్టెను పెట్టె లెక్కనే గుంజుకపోయిండ్రు. పిల్వలే."

దింపుడు కళ్ళం అనే మాట నేను టీవీ వార్తల్లోనే ఎక్కువ విన్నాను. ఓడిపోయే అభ్యర్థి ఇంకా నమ్మకం వదులుకోకపోతే దింపుడు కళ్ళం ఆశ అని వెటకారం చేస్తారు. అసలు సంగతి గంగాప్రసాద్ నోటే సరిగ్గా విన్నాను. శ్మశానానికి వెళ్తూ దారిలో ఒకచోట పాడెని కిందికి దింపుతారు. వాయిద్యాలు ఆగిపోతాయి. ఎవరూ చప్పుడు చెయ్యకూడదు. అయినవాళ్ళు పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలుకుతారేమోనని అందరూ వింటారు. పలక్కపోతే అప్పుడిక నిజంగా పోయినట్టు. పోయినవాళ్ళకి కూడా అప్పుడే ఆ సంగతి తెలుస్తుందట.

"పిల్వకపోతే వానికెట్ల ఎరుకైతది అక్కా, సచ్చిపోయిన అని? వాడు ఇంక స్టార్టింగు ఇస్తనే ఉన్నడు. రూముల ఏసీ కాడ ఇన్న. బస్సుల ఇన్న. పాట ఎత్తుకునెటోడు లేడు. మా చిన్నవ్వ సాయవ్వకు కలల అగుపడ్తడంట, డ్రమ్ము భుజానికేసుకొని గడపల నిలవడ్తడంట. కూసో బిడ్డా అంటే కూసోడంట. ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తది. దుబాయ్‌ల ఎవ్వలన్న వాన్ని పిల్వుండ్రి బిడ్డా అంటది."

ఆమెకి ఖతారైనా దుబాయే. పగటి వెలుగులో, మిక్సీ పక్కన, ఏసీ చల్లదనంలో కూర్చుని ఉన్నాను. అయినా నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం నడుం వాల్చలేదు. బాత్రూమ్‌లో స్టూలు వేసుకుని గోడకి చెవి పెట్టి కూర్చున్నాను. నాలుగు దెబ్బలూ పడ్డాయి. తర్వాత, చెవి గోడకి నొక్కి పట్టి వింటే, చాలా సన్నగా గిటారు. ఎవరో పాడుతున్నారు. ఆ గోడకి అవతల పక్క విల్లా. ఒక పెద్దాయన, ఇంగ్లీషువాడు, ఒంటరిగా ఉంటాడు. ఏ స్కూల్లోనో సంగీతం మాస్టారని విన్నాను. మా కారు పెట్టుకునే నీడలో తన కారు పెడుతుంటాడు గనక ఆయనంటే నాకు పెద్ద గౌరవం లేదు.

గంగాప్రసాద్‌కి ఫోన్ చేసి, "మీ తమ్ముడు కాదయ్యా, పక్కింటి తెల్లాయన టేపురికార్డరు" అన్నాను. అతను కుదుటపడతాడనుకున్నాను. "టేపుల కొట్టింది ఎవ్వలక్కా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

వచ్చాడు. ఇద్దరం వెళ్ళి తలుపు తట్టాం. పెద్దాయన నిక్కరు, చిరుగుల బనీనుతో తలుపు తీశాడు. పేరు కోలిన్. ఇల్లంతా అట్టపెట్టెలు. ఉద్యోగం అయిపోయిందని, నెలాఖరుకి ఇంగ్లండు వెళ్ళిపోతున్నానని, అక్కడ సముద్రం పక్క ఊళ్ళో చెల్లెలి ఇంట్లో ఉంటానని చెప్పాడు. ఆయన ఇంగ్లీషు ఒక పట్టాన అర్థం కాదు. మాటల్లో సగం గొంతులోనే ఉంచుకుంటాడు. రోజూ మధ్యాహ్నం మా గోడకి ఏదో తడుతోందని నేను మర్యాదగా మొదలుపెట్టాను.

"ఓ, అదా" అన్నాడు. "అది రే."

గంగాప్రసాద్ నా వంక చూశాడు. రే ఎవరని అడిగాను. ఆయన లోపలికి రమ్మని, ఒక పాత టేపురికార్డరు చూపించాడు. కాలేజీ రోజుల్లో తనూ స్నేహితులూ కలిసి ఒక బ్యాండు పెట్టామని, పేరు టిన్ లాంటర్న్స్ అని, రే అందులో డ్రమ్మర్ అని చెప్పాడు.

గంగాప్రసాద్‌కి ఇంగ్లీషు రాదు గాని బ్యాండు అనే మాట దొరికింది. మొహం వెలిగిపోయింది. "సార్ గుడ బ్యాండోడేనా అక్కా? లాంతర్ల పార్టీ?" అన్నాడు. వరస చూస్తే ఎర్ర కోటు, జరీ టోపీతో కోలిన్ గారు పెళ్ళికొడుకు గుర్రం ముందు నడుస్తున్నట్టు అతని కళ్ళకి కనపడుతోందని తెలిసింది. ఇది ఆ బ్యాండు కాదయ్యా అని చెప్పబోయి ఊరుకున్నాను. అలా ఊరుకోవడం మంచిదే అయింది.

టిన్ లాంటర్న్స్‌కి ఇంగ్లండులో ఒక మోస్తరు పేరుండేదట. వాళ్ళ పాట ఒకటి రేడియోలో మోగేదట. కోలిన్ తండ్రి చేపల పడవ మీద పోయి తిరిగి రాలేదు. ఆయన్ని తలుచుకుని కట్టిన పాట అది. రికార్డు కంపెనీవాళ్ళు దానికి హుషారైన డ్రమ్ము చేర్పించి, జనం డాన్సు చేసే పాటగా అమ్మారు. ఇంగ్లండులో గంతులు వేశారు. ఆ ఊపులో వాళ్ళని అమెరికా పంపారు.

"అమెరికాల ఎట్లయింది, పెండ్లోళ్ళు మంచిగ చూసుకున్నరా అడుగక్కా" అన్నాడు గంగాప్రసాద్.

అమెరికాలో ఎలా జరిగిందని మాత్రం అడిగాను. కోలిన్ నవ్వాడు. "ఎవరూ డాన్సు చెయ్యలేదు" అన్నాడు.

నేను తెలుగులో చెప్పగానే గంగాప్రసాద్ నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో సార్!" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మాకు గుడ అయింది సార్. ఒకసారి మీ తణుకు కాడనే అక్కా, ఆంధ్రోళ్ళ పెండ్లికి పోయినం. ఎవ్వలో తెల్సినోళ్ళు తోలుకపోయిండ్రు. మెట్‌పల్లిల మేం కొడితే ముసలోళ్ళు గుడ ఎగురుతరు. ఆడ గంటసేపు కొట్టినం. అందరు కుర్సీలల్ల కూసొని చూస్తున్నరు, మేమేదో పిచ్చోళ్ళమైనట్టు. ఒకాయన వచ్చి, సన్నాయి లేదా అండీ అన్నడు. సాయిబాబు రాంగ రాంగ బస్సుల ఒక్క మాట మాట్లాడలే."

ఆ పెళ్ళిలో నేను లేను గాని, ఉంటే నేనూ కుర్చీలోనే కూర్చుని ఉండేదాన్ని. చివుక్కుమంది. ఇదంతా ఇంగ్లీషులో చెప్తే కోలిన్ చాలాసేపు నవ్వాడు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. తను తన ఊరివాళ్ళ యాసలోనే పాడేవాడట. నువ్వు ఏ భాషలో పాడుతున్నావని అక్కడివాళ్ళు అడిగేవారట. వ్యానులో ఊరూరూ తిరిగారు. ఊరు మారినకొద్దీ జనం పలచబడ్డారు. ఒహాయోలో ఏదో చిన్న ఊళ్ళో, తిండి బల్లలున్న హాల్లో చివరి పాట పాడారు. అయిపోయాక ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. రే పుల్లలు డ్రమ్ము మీద పెట్టి, సిగరెట్ కాల్చుకొస్తానని బయటికి వెళ్ళాడు. రోడ్డు దాటుతుంటే ట్రక్కు గుద్దింది.

"ఆ పాట రికార్డు చేశాం. అదే ఇది" అన్నాడు కోలిన్. "ఒక్కరైనా కొట్టారేమోనని వింటాను. ఏ మూలనో ఒక చప్పట్ల చప్పుడు. ఒక్కరు కొట్టి ఉంటే వాడు ఇంకాసేపు ఆగేవాడు కదా."

నలభై ఏళ్ళు దాటింది. ఇంకా వెతుకుతున్నాడు. నాకు ఆయన కారు మీద కోపం పోయింది.

టేపు పెట్టాడు. టక్, టక్, టక్. గంగాప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. టక్. పాట మొదలవగానే అతని వేళ్ళు గాలిలో కదలడం చూశాను, లేని క్లారినెట్ మీద. పాట అయిపోయింది. తర్వాత నిశ్శబ్దం. ఎక్కడో గాజు గ్లాసు, ఎవరిదో దగ్గు. స్టూలు కిర్రుమని కదిలింది. కోలిన్ గబుక్కున టేపు ఆపేశాడు. అది రే లేచిన చప్పుడట. దాని తర్వాత ఆయన ఎప్పుడూ వినలేదు.

అప్పుడు గంగాప్రసాద్ నాతో అన్నాడు. "అక్కా, సారును అడుగు. క్లారినెట్ ఏమన్న ఉన్నదా?"

ఉంది. స్కూలువాళ్ళు పారేయబోతే తెచ్చుకున్నది, పెట్టె అడుగున. గంగాప్రసాద్ దాన్ని తుడిచి, కళ్ళకి అద్దుకుని, నోట పెట్టుకుని ఊదాడు. బాతు అరిచినట్టు వచ్చింది. కోలిన్ చెవులు మూసుకున్నాడు. గంగాప్రసాద్ సిగ్గుపడి, దాన్నే తిట్టాడు. "ఏందే, ఇజ్జత్ తీస్తున్నవ్?"

ఆ తర్వాత మధ్యాహ్నం ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చి సాధన చేసేవాడు. ఇద్దరికీ మాటలు కుదరవు. ఒకరు సార్ అంటే, ఇంకొకరు యల్లా యల్లా అని తొందరపెట్టేవారు. గోడకి ఇవతల నేను వినేదాన్ని. బాతు కొన్ని రోజులకి మనిషైంది. పాట మొత్తం పట్టుకున్నాడు, కోలిన్ గిటారు పక్కన నడిచేలా. అయితే ఎప్పుడూ టేపుతో కలిపి వాయించలేదు. కోలిన్ నోటితో లెక్కపెడితేనే మొదలుపెట్టేవాడు. టేపులోని ఆ స్టార్టింగు మీద ఒక్కసారే ఎత్తుకుంటానన్నాడు.

కోలిన్ వెళ్ళేముందు వచ్చిన శుక్రవారం గంగాప్రసాద్ నా దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"అక్కా, ఇయ్యాల సాయిబాబును సాగనంపుత. నలుగురు కావాలె. నేను, సారు, నువ్వు, బావ."

"నేను ఆడదాన్నయ్యా. ఆడవాళ్ళు వెళ్ళకూడదంటారు కదా."

"ఈ దేశంల గవన్ని చూస్కుంటే ఎవ్వలు మిగుల్తరక్కా?"

మావారు ఏదో హాస్యమాడబోయి, అతని మొహం చూసి చెప్పులు వేసుకున్నారు.

కోలిన్‌కి దింపుడు కళ్ళం గురించి నేనే చెప్పాను. వాయిద్యం ఆగడం, పిలవడం, వినడం. నా ఇంగ్లీషులో ఎంత చెప్పగలిగానో గాని ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఎవరైనా ఎప్పుడైనా పలికారా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

గదిలో సామానంతా కట్టేశారు. తెరలు కూడా తీసేయడంతో ఎండ నేరుగా నేల మీద పడుతోంది. నేల మధ్యన టేపురికార్డరు. గంగాప్రసాద్ దానికి ఎదురుగా బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఫోన్‌లో సాయిబాబు ఫోటో తెరిచి పక్కన పెట్టాడు. ఎర్ర కోటు, జరీ టోపీ, నవ్వు. కోలిన్ గిటారు తీసుకుని మీట నొక్కాడు.

టక్, టక్, టక్.

ఆ ఊపిరంత ఆగడంలో గంగాప్రసాద్ ఎవరి మొహంకేసో చూసినట్టు తల పక్కకి తిప్పి చూశాడు. అక్కడ ఖాళీ గోడ ఉంది. మావారు నా చెయ్యి పట్టుకున్నారు. గంగాప్రసాద్ నవ్వాడు. ఎవరో నవ్వితే తిరిగి నవ్వినట్టు.

టక్.

పాట ఎత్తుకున్నాడు. నేను సంగీతం తెలిసినదాన్ని కాదు. కాని అప్పుడు మోగినది గోడ అవతలనుంచి విన్న పాట కాదు. టేపులో డ్రమ్ము హుషారుగా పోతూనే ఉంది. దాని మీద ఆ క్లారినెట్ ఒక్కో అడుగూ వేసుకుంటూ, దించడానికి వీల్లేని బరువు మోస్తున్నట్టు నడిచింది. కోలిన్ పాడటం మొదలుపెట్టాడు. గొంతు పోయింది ఆయనకి. టేపులో తన పడుచు గొంతు పాడుతుంటే, కింద ఈ ముసలి గొంతు. తండ్రి కోసం కట్టిన పాటని తండ్రి పాటలా ఆయన పాడటం అదే మొదలేమో.

పాట ఆగింది. నిశ్శబ్దం వచ్చింది. ఒహాయోలో ఎప్పుడో ఎవరో దగ్గారు. గ్లాసు చప్పుడైంది.

గంగాప్రసాద్ క్లారినెట్ పక్కన పెట్టి, ముందుకి వంగి, టేపురికార్డరు స్పీకరుకి నోరు దగ్గరగా పెట్టాడు. "సాయిబాబూ" అని పిలిచాడు. వీధిలో ఆడుకుంటున్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు మామూలుగా పిలిచాడు.

స్టూలు కిర్రుమంది. కోలిన్ చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆపలేదు. టేపులో చెక్క నేల మీద బూట్ల నడక వినపడింది.

"సాయిబాబూ" అన్నాడు గంగాప్రసాద్.

"రే" అన్నాడు కోలిన్. ఆయన కూడా నేల మీద మోకాళ్ళ మీదికి వచ్చేశాడు.

నడక దూరమైంది. తలుపు తెరుచుకుని మూసుకుంది.

"తమ్మీ. సాయిబాబూ."

"రే."

అందరం విన్నాం. నా జన్మలో ఎప్పుడూ అలా వినలేదు. గదిలో ఊపిరి కూడా లేదు. స్పీకరులో సన్నని ఇసుక రాలుతున్న చప్పుడు మాత్రం ఉంది. తర్వాత అది కూడా ఆగింది. ఒక ఊపిరంత సేపు ఏమీ లేదు.

టక్.

టేపు అయిపోయి మీట దానంతటదే పైకి లేచింది. అంతే. అది అందరికీ తెలుసు. మావారు ఇంజనీరు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. కాని ఆ మాట ఎవరూ అనలేదు.

గంగాప్రసాద్ రెండు చేతులూ జోడించి నేలకి ఆనించాడు. చాలాసేపటికి లేచాడు. కోలిన్ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. మొహం తడిగా ఉంది. "ఎక్కడా చప్పట్లు లేవు. చివరిదాకా విన్నాను. లేవు" అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. గంగాప్రసాద్ ఆయన భుజం పట్టుకుని లేపాడు.

"సావు పాటకు సప్పట్లు ఎవ్వలు కొడ్తరు సార్? కొట్టొద్దు. ఆళ్ళు మంచోళ్ళు. గప్పుడు ఇనాలె. ఇన్నరు."

దాన్ని ఇంగ్లీషులో పెట్టి చెప్పాను. కోలిన్ నన్ను రెండోసారి చెప్పమన్నాడు. చెప్పాను. "అంటే వాళ్ళు వింటున్నారన్నమాట" అన్నాడు ఆయన తనలో తాను. నాకు తెలిసి ఆ ఒహాయో జనం ఆలూ చిప్స్ కోసం ఎదురు చూస్తూ ఉండి ఉంటారు. ఆ మాట నేను చచ్చినా బయట పెట్టను.

కోలిన్ వెళ్ళిపోయాడు. క్లారినెట్ గంగాప్రసాద్‌కి ఇచ్చేశాడు. టేపు తనతో తీసుకెళ్ళాడు. పక్క విల్లాలోకి ఒక లెబనీస్ కుటుంబం వచ్చింది. మధ్యాహ్నాలు నిశ్శబ్దంగా ఉండేవి. హాయిగా నిద్రపోవచ్చు. నాకు నిద్ర పట్టేది కాదు.

చలికాలం మొదట్లో ఒకరోజు గోడ మళ్ళీ తట్టింది. మంచం మీదనుంచి ఎలా లేచానో తెలియదు. గంగాప్రసాద్‌కి ఫోన్ చేస్తే, ఏమైందక్కా అని కూడా అడగకుండా వచ్చాడు. పరుగున వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. చెప్పులు బయట విడిచి, బాత్రూమ్‌లోకి వెళ్ళి చెవి గోడకి ఆనించాడు. నేను ఎప్పటిలాగే గుమ్మం దగ్గర నిలబడ్డాను.

చప్పుడు వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. వరస లేదు, ఆగడం లేదు. అతను చాలాసేపు విన్నాడు. తర్వాత పానా తీసి, పైపు మీద మెల్లగా కొట్టాడు. టక్, టక్, టక్. కొట్టి ఆగాడు. పక్కకి తల తిప్పి చూశాడు, ఆ రోజు చూసినట్టే. నేను కూడా ఊపిరి బిగపట్టాను. నాలుగోది రావాలని దేవుడికి మొక్కుకున్నాను.

రాలేదు.

"పైపేనక్కా. గాలి చేరింది" అన్నాడు.

నీళ్ళు కట్టేసి, మరలు విప్పి, బిగించి, పని ముగించాడు. పైపుతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. అంతా సర్దుకున్నాక పానా సంచిలో పెడుతూ, "పోయిండక్కా" అన్నాడు. "మంచిగ పోయిండు."

అది సంతోషించాల్సిన మాట. రెండేళ్ళుగా అతను ఎదురుచూసింది దాని కోసమే కదా. నేను తలుపుకి ఆనుకుని ఏడుస్తున్నాను. గంగాప్రసాద్ కుళాయి తిప్పి మొహం కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు.